సోమవారం బండి

సోమవారం ఉదయం ఎనిమిది గంటల నలభై నిమిషాలకు మా బావ కారు ర్యాంపు ఎక్కింది. అందులో విశేషమేమీ లేదు. తొమ్మిదేళ్లుగా ప్రతి నెలా మొదటి సోమవారం, దాదాపు అదే వేళకు, ఆ కారు నాచారంలో నేను పనిచేసే షాపులో ర్యాంపు ఎక్కుతూనే ఉంది. బావ కారు దిగి, తలుపు వేసి, ఎప్పటిలాగే గోడ పక్కన ఉన్న స్టూలు మీద కూర్చున్నాడు. టీ ఇంకా రాలేదు.

నేను ఇరవై రెండేళ్లు వీల్ అలైన్‌మెంట్ పని చేశాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం, ఫోన్లో వీడియోలు చూసి ఇంటి దగ్గరే చక్రాలు సరిచేసుకోవచ్చా అని నన్ను అడిగే మా అపార్ట్‌మెంట్ కుర్రవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పని నేర్పేవాళ్లు మీకు చాలామంది దొరుకుతారు. ఆ సోమవారం నేనేం చేశానో మాత్రం నేనే చెప్పాలి. ఆ రోజు అది తెలిసినవాళ్లు ఇద్దరమే. రెండోవాడు చెప్పలేదు.

పని గురించి రెండు మాటలు చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. కారు ముందు చక్రాలు రెండూ దాదాపు సమంగా ముందుకు చూడాలి. లోపలికి మరీ మొగ్గినా, బయటికి విడిపోయినా టైరు దొర్లదు, ఈడ్చుకుపోతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా చాలు, కొన్ని నెలల్లో ఒక అంచు అరిగిపోతుంది. ఆ తేడా కంటికి కనపడదు. కొలవాలి. మా షాపు మెషిన్‌కు నాలుగు హెడ్‌లు ఉండేవి. ఒక్కో చక్రానికి ఒకటి బిగిస్తే అవి ఒకదాన్నొకటి చూసుకుని తెర మీద అంకెలు చూపించేవి. సరిగా ఉంటే ఆకుపచ్చ, లేకపోతే ఎరుపు. చక్రం వెనక ఉండే రాడ్డును పానాతో కొంచెం తిప్పితే ఎరుపు ఆకుపచ్చ అయ్యేది. ఇరవై నిమిషాల పని.

షాపు పెట్టిన పెద్దాయన మెషిన్ లేని కాలం నుంచి ఈ పనిలో ఉన్నాడు. మెషిన్ కొన్నాడు గానీ దాన్ని నమ్మలేదు. బిగించిన రోజున దాని చుట్టూ ఒకసారి తిరిగి, "గిది అందరి బండ్లను సూస్తది, బాగనే ఉన్నది. మరి దీన్నెవరు సూడాలె?" అన్నాడు. కంపెనీ ఇంజనీర్ వేరే ఊరి నుంచి రావాలి. ఏడాదికొకసారి వస్తే గొప్ప. అందుకని ఆయన ఒక పద్ధతి పెట్టాడు. నెలకొకసారి, సోమవారం పొద్దున, ముందే కొలత తెలిసిన ఒక బండిని మొదట ర్యాంపు ఎక్కించాలి. మెషిన్ ఆ కొలతే చూపిస్తే షట్టర్ పూర్తిగా ఎత్తాలి. చూపించకపోతే దించాలి.

కొలత తెలిసిన బండి ఎక్కడ దొరుకుతుంది? నేను మా బావ పేరు చెప్పాను.

మా బావ, మా అక్క భర్త, జనగామ వైపు ఊరి నుంచి వచ్చి నాచారంలో ఒక ఫ్యాక్టరీ టూల్ రూంలో ముప్ఫై ఏళ్లు పనిచేశాడు. వెంట్రుకలో సగం మందం తేడా వస్తే అచ్చు పనికిరాదనే చోట. ఫ్యాక్టరీ మూతబడ్డాక ఒక పాత చిన్న కారు కొనుక్కున్నాడు. దాన్ని ఏ గ్యారేజీకీ ఇచ్చేవాడు కాదు. రామంతాపూర్‌లో వాళ్ల ఇంటి ముందు గల్లీలో, ఆదివారం పొద్దున, ఆయనే చక్రాలు కొలుచుకునేవాడు.

రెండు ఇనుప పైపులకు తన చేత్తో సమాన దూరంలో గాట్లు పెట్టుకున్నాడు. ఒకటి కారు ముందు, ఒకటి వెనక, ఇటుకల మీద నిలిపేవాడు. గాట్లలోంచి నైలాన్ దారం లాగి కారుకు రెండు వైపులా, చక్రం నడిమి భాగం ఎత్తులో బిగించేవాడు. గాట్లు సమానం కనుక రెండు దారాలూ సమాంతరం. ఆ తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, దారం నుంచి చక్రం రిమ్ము ముందు అంచుకు ఎంత, వెనక అంచుకు ఎంత అని స్టీలు స్కేలుతో చూసేవాడు. టైర్ల కింద గ్రీజు రాసిన గ్రానైట్ ముక్కలు రెండేసి, చక్రం బిగుసుకోకుండా. మొత్తం మూడు గంటలు పట్టేది. పక్కింటాయన పేపరు పట్టుకుని గేటు దగ్గర నిలబడి, "ఏంది సారూ, కారుకు లగ్గం పెట్టుకున్నవా, కంకణం కడుతున్నవ్?" అనేవాడు. బావ తలెత్తేవాడు కాదు. "ముహూర్తం దాటిపోతది, జర నీడ పడకుంట తప్పుకో" అనేవాడు.

కొలిచింది కారు అరలో ఉన్న పొడుగు నోటు పుస్తకంలో రాసుకునేవాడు. మర్నాడు ఆ కారే మా ర్యాంపు ఎక్కేది. ఆయన పుస్తకంలో అంకె, మా తెర మీద అంకె పక్కపక్కన పెట్టి చూసేవాళ్లం. అర మిల్లీమీటరుకు మించి తేడా వచ్చింది లేదు. షాపులో అందరూ దాన్ని సోమవారం బండి అనేవాళ్లు.

ఇల్లా, గ్యారేజా అన్నది మా ఇద్దరి మధ్య తొమ్మిదేళ్ల వాదన. మా ఇంటి పిల్లను చేసుకున్నవాడు, బామ్మర్దిని ఆడించే హక్కు వదులుకోలేదు.

"నీ మెషిన్ నెలకోసారి నా దారం కాడికొచ్చి పరీక్ష రాస్తది బామ్మర్దీ. అది పాసైతెనే మీకు బువ్వ."

దారం గాలికి ఊగుతుంది కదా బావా అనేవాణ్ని.

"గాలి తగ్గేదాక ఆగుత. మీ షాపుల ఎవరన్న ఆగుతరా?"

షాపులో ఎవరూ ఆగరు. బయట ఆరు బండ్లు నిలబడి ఉంటాయి. గ్యారేజీకి, ఇంటికి తేడా అదేనని ఇప్పుడు కూడా అనుకుంటాను. పనిముట్లలో కంటే ఆ ఆగడంలోనే ఎక్కువ తేడా ఉంది.

పెద్దాయన పోయాక కొడుకు షాపు చూసుకోవడం మొదలుపెట్టాడు. అతన్నే ఓనర్ అంటాను. చెడ్డవాడు కాదు. తొందర ఎక్కువ. సోమవారం బండిని ఆపలేదు, కానీ దాన్ని తండ్రి చాదస్తంగా భరించేవాడు. నాకప్పటికి యాభై ఎనిమిది. చేతి వేళ్లలో పట్టు తగ్గింది. దసరా దాటాక మెషిన్ ఇంకొకరికి అప్పజెప్పి నన్ను బయట టైర్ల గాలి చూసే దగ్గర కూర్చోబెడతానని ఓనర్ రెండు సార్లు అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. రెండు సార్లూ నేను నవ్వలేదు.

ఆ ఏడు దసరా ముందు శనివారం షాపు ముందు బండ్లు రోడ్డు దాకా నిలబడ్డాయి. పండక్కి బండి కడిగించి, చక్రాలు సరిచేయించి, నిమ్మకాయ కట్టించడం మనవాళ్లకు అలవాటు. మధ్యాహ్నం మూడు దాటాక, ఒక కారు ముందు ఎడమ చక్రానికి హెడ్ బిగిస్తుంటే నా చేతిలోంచి జారింది. గ్రీజు చేయి. మోకాలెత్తు నుంచి కాంక్రీటు మీద పడింది. పెద్ద చప్పుడేం కాలేదు.

ర్యాంపు అవతలి వైపున్న నా తోటివాడు చూశాడు. పదకొండేళ్లు ఒకే డబ్బాలో తిన్నవాళ్లం. వంగి హెడ్ తీసి, తుడిచి, నాకిచ్చాడు. "అన్నా, ఓనర్‌కు చెప్దామా?" అని మెల్లగా అడిగాడు.

తెర వెలుగుతోంది. అంకెలు వస్తున్నాయి. సోమవారం మా బావ బండి ఎట్లాగూ ఎక్కుతుంది, తేడా ఉంటే అప్పుడు తెలుస్తుంది అన్నాను. ఆ మాటలో తప్పు లేదు. ఆ పద్ధతి ఉన్నదే అందుకు. ఆ సాయంత్రం ఇంకో తొమ్మిది కార్లు చేశాం.

సోమవారం ఎనిమిది నలభైకి బావ వచ్చాడు.

ఆ రోజు ఓనర్ కూడా పొద్దున్నే వచ్చాడు. వెంట ఒక మనిషిని తెచ్చాడు. ఉప్పల్ వైపు ఆఫీసులకు క్యాబులు తిప్పే ఆయన. నలభై కార్ల పని మాకే ఇచ్చే మాట నడుస్తోంది. ఓనర్ అతనికి మెషిన్ చూపిస్తూ, మా దగ్గర నెల నెలా మెషిన్‌ను కూడా చెక్ చేస్తాం, చూడండి అని గొప్పగా చెప్పాడు. తండ్రి చాదస్తం ఆ పొద్దు పనికొచ్చింది.

హెడ్‌లు బిగించాను. బావ పుస్తకంలో, ముందు చక్రాలు లోపలికి ఒక మిల్లీమీటరు అని ఉంది. తెర మీద నాలుగు వచ్చింది. ఎరుపు.

బావ స్టూలు మీంచి లేచి వచ్చాడు. తెర చూశాడు, పుస్తకం చూశాడు. "మల్లొక్కసారి పెట్టు" అన్నాడు. హెడ్‌లు విప్పి మళ్లీ బిగించాను. నాలుగే.

"నిన్న నాలుగు సార్లు సూసిన. ఒకటే" అన్నాడు బావ. ఆ తర్వాత నా మొహం చూసి అడిగాడు.

"హెడ్ ఎక్కడన్న తగిలిందా?"

ఆ ప్రశ్న సరిగ్గా అదే. ముప్ఫై ఏళ్లు కొలత పనిముట్లతో బతికిన మనిషి అడగాల్సిన ప్రశ్న. నా తోటివాడు అటు తిరిగి, తుడిచిన పానానే మళ్లీ తుడుస్తున్నాడు. ఓనర్ నా వైపు చూశాడు. క్యాబుల ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు. తగిలింది అంటే షట్టర్ దించాలి, ఇంజనీర్ వచ్చేదాకా షాపు లేదు, పండుగ వారం పోతుంది, నలభై కార్ల పని పోతుంది, నేను గాలి గొట్టం దగ్గర కూర్చుంటాను. ఇవన్నీ ఒక్క క్షణంలో తోచాయని రాస్తే అబద్ధం. నాకేమీ తోచలేదు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"లేదు బావా."

అక్కడితో ఆగినా సరిపోయేది. ఓనర్ ఇంకా నా వైపే చూస్తున్నాడు.

"నీ కండ్లకు మస్క వచ్చింది. స్కేలు మీద గీతలు కనపడతలేవ్ నీకు. ఇగ ఆ దారం బంద్ చెయ్."

క్యాబుల ఆయన నవ్వాడు. ఓనర్ మర్యాదగానే, "గిది మెషిన్ పెద్దాయనా" అన్నాడు.

బావ కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. స్కేలు జేబులోంచి తీసి ఒకసారి వెలుతురుకు పట్టి చూసుకున్నాడు. "మరి సరిజెయ్యి" అని స్టూలు మీద కూర్చున్నాడు.

సరిజేశాను. అంటే సరిగా ఉన్నదాన్ని మూడు మిల్లీమీటర్లు పాడుచేశాను. తెర ఆకుపచ్చ అయింది. కాగితం తీసి ఇచ్చాను. ఆయన మడిచి జేబులో పెట్టుకున్నాడు. టీ వచ్చింది. తాగకుండా వెళ్లాడు.

బుధవారం ఫోన్ చేశాడు. బండి నేరుగా పోతుంటే స్టీరింగ్ జర ఒక దిక్కుకు ఒరిగి ఉంటున్నది అన్నాడు. చక్రం ఒకటే తప్పుగా తిప్పితే జరిగేది అదే. ఉప్పల్ రోడ్డంతా ఫ్లైఓవర్ పనులకు తవ్వి పోశారు కదా, రోడ్డే గట్లున్నది బావా అన్నాను. అప్పట్లో మా షాపులో ప్రతి ఫిర్యాదుకూ అదే జవాబు. ఆ ఫ్లైఓవర్ స్తంభాల మీద ఎంత బరువు మోపామో కట్టినవాళ్లకు తెలియదు.

"రోడ్డే గావచ్చు" అన్నాడు బావ.

తొమ్మిదేళ్లలో నేను చెప్పిన ఏ కారణాన్నీ ఆయన మొదటిసారికే ఒప్పుకున్నది లేదు. ఫోన్ పెట్టేశాక ఆ సంగతి అర్థమైంది. అయినా వెంటనే ఇంకో బండి ర్యాంపు ఎక్కింది.

దసరా పొద్దున బావ తన పనిముట్లన్నీ పేపరు పరిచి పెట్టి, పసుపు కుంకుమ పెట్టేవాడు. టూల్ రూం అలవాటు. సాయంత్రం నేను జమ్మి తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆ ఏడు పేపరు మీద కారు తాళం చెవి ఒక్కటే ఉంది. జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్లకు మొక్కాను. నన్ను లేపి, దగ్గరకు తీసుకుని, మంచం కింది నుంచి ఒక మూట తీశాడు. దారం చుట్ట, స్టీలు స్కేలు, గాట్లున్న పైపులు రెండు, గోనెసంచిలో.

"నువ్వే ఉంచుకో రా. నాకింక కండ్లు ఆనవు."

తీసుకున్నాను. ఏమంటే తీసుకోకుండా ఉండొచ్చో నాకు తెలుసు. అది అనలేదు.

తర్వాతి నెలల్లో మా అక్క చెప్పగా విన్నవే ఎక్కువ. సోమవారం బండి ఇక రాలేదు. బావ కారు నడపడం తగ్గించాడు, తర్వాత మానేశాడు. కండ్లు ఆననప్పుడు రోడ్డు మీదికి పోవద్దు, ఎవరికన్న తగిలితె పాపం అనేవాడట. ఉప్పల్ వెళ్లాలన్నా, దవాఖానాకు వెళ్లాలన్నా ఇద్దరూ షేర్ ఆటోలో. గల్లీలో వాళ్ల మిక్సీలు, తాళాలు, కుట్టుమిషన్లు బాగుచేసి ఇచ్చేవాడు, అదీ మానేశాడు. తెచ్చినవాళ్లను గుమ్మంలోంచే తిప్పి పంపేవాడు. కంటి డాక్టర్ చూసి, శుక్లం ఇప్పుడిప్పుడే మొదలైంది, ఆపరేషన్‌కు ఇంకా సమయం ఉంది, బండి నడపొచ్చు అన్నాడు. బావ డాక్టర్‌ను నమ్మలేదు. నన్ను నమ్మాడు.

క్యాబుల పని మాకే వచ్చింది. నాలుగు నెలలకు అవి తిరిగి రావడం మొదలైంది. ఒక డ్రైవర్ నన్ను చేయి పట్టుకుని తీసుకెళ్లి టైరు మీద అరచెయ్యి పెట్టించాడు. ఒక వైపు నుంచి రుద్దితే నున్నగా ఉంది. రెండో వైపు నుంచి రుద్దితే రంపంలా పట్టుకుంది. లోపలి అంచు తీగ కనపడేదాకా అరిగింది.

"నిన్న ఇందుల చిన్న పిల్లలను ఎక్కించుకొని పోయిన అన్నా. పేలితె ఎవడు జవాబు? ఫ్లైఓవర్ మీద ఇంకెన్ని దినాలు ఏస్తరు?"

అతను అరవలేదు. అరిస్తే బాగుండేది. అదృష్టం, ఏ టైరూ పేలలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. అదృష్టం అని ఊరికే అనడం లేదు, నేను చేసినదాంట్లో వాళ్లను కాపాడింది ఏదీ లేదు.

ఓనర్ ఇంజనీర్‌ను పిలిపించాడు. అతను పొడుగు ఉక్కు కడ్డీ తెచ్చి, హెడ్‌లు దానికి బిగించి చూశాడు. ముందు ఎడమ హెడ్ మూడు మిల్లీమీటర్లు తప్పు చెబుతోంది. కింద పడిందా అని అడిగాడు. నా తోటివాడు నా వైపు చూశాడు. ఈసారి పానా తుడవలేదు, నేరుగా చూశాడు. ఏమో, పాతబడింది కదా అన్నాను. ఇంజనీర్ అదే రాసుకున్నాడు. ఆ రోజు నుంచి మేమిద్దరం ఎవరి డబ్బా వాళ్లు తెచ్చుకున్నాం. తిట్టుకోలేదు, మాట్లాడుకోకుండానూ లేము. డబ్బాలు మాత్రం రెండయ్యాయి.

ఆ ఆదివారం బావకు చెప్పేయాలని వెళ్లాను. ఆయన వరండాలో కూర్చుని ఉన్నాడు. పేపరు చేతిలో ఉంది, చదవడం లేదు. బండి చాలా రోజులుగా కదల్లేదు, ఒకసారి షాపుకు తీసుకెళ్లి చూస్తాను, నువ్వూ రా అన్నాను. షాపు తెరిపించి, బాగుచేసిన మెషిన్ మీద కారు పెట్టాను. చక్రాలు బయటికి రెండు మిల్లీమీటర్లు. నేను తిప్పిన మూడు వెనక్కి తిప్పితే లోపలికి ఒకటి. పండుగ ముందు ఆదివారం బావ రాసుకున్నది అదే. ఆ మనిషి, ఆ కళ్లతో, గల్లీలో మోకాళ్ల మీద కూర్చుని, దారంతో కొలిచింది సరిగ్గా సరిపోయింది.

ఆయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. తెర వైపు చూడలేదు.

తిరిగి వెళ్లేటప్పుడు నేను నడిపాను. నాచారం నుంచి హబ్సిగూడ సిగ్నల్ దాకా ఎట్లా మొదలుపెట్టాలా అని చూశాను. సిగ్నల్ దగ్గర ఆగాం. నేను నోరు తెరిచే లోపు ఆయనే మాట్లాడాడు.

"ఇప్పుడు స్టీరింగ్ సక్కగున్నది. మెషిన్ మెషినే రా. నేనే గిన్నేండ్లు ఉత్తగ దారం పట్టుకొని ఊరేగిన."

అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు. ఆయన ఒక రకంగా కుదుటపడ్డాడు, ఇప్పుడు కదపడం ఎందుకు అనుకున్నాను. ఇట్లాంటి సమయంలో పిరికితనం ఎప్పుడూ దయ పేరు చెప్పుకుని వస్తుంది. పచ్చ లైటు పడింది. ఇంటి ముందు కారు ఆపి తాళం చెవి ఇస్తే, నీ దగ్గరే ఉంచు, నాకెందుకు అన్నాడు.

ఆ ఎండాకాలం బావ పోయాడు. గుండె. దవాఖానాకు తీసుకెళ్లేలోపే.

పదకొండో రోజు అయ్యాక అక్క కారు కాగితాలు వెతకమంది. అరలో కాగితాలతో పాటు ఆ పొడుగు నోటు పుస్తకం దొరికింది. తొమ్మిదేళ్ల ఆదివారాలు. ఒక్కో వరుసలో తేదీ, ఎడమ, కుడి, మొత్తం. చివరి వరుసలో మొత్తం దగ్గర ఒకటి అని ఉంది. దాని మీద అడ్డంగా ఒక గీత.

టూల్ రూంలో ఒక నియమం ఉండేది. బావే ఎప్పుడో చెప్పాడు. కొలత తప్పు రాస్తే దాన్ని గీకకూడదు, రుద్దకూడదు. స్కేలు పెట్టి ఒక్క గీత గీయాలి, కింద ఉన్న అంకె చదవడానికి వీలుండాలి, పక్కన పొడి అక్షరాలతో సంతకం పెట్టాలి. తప్పు చేసింది ఎవరో, ఏది తప్పో దాగకూడదు. ఆయన అట్లాగే చేశాడు. ఒకటి మీద తిన్నని గీత, పక్కన సంతకం, కింద నాలుగు. తొమ్మిదేళ్ల పుస్తకంలో కొట్టివేత అదొక్కటే. కొట్టేసింది సరైన అంకెను. ఆ తర్వాతి పేజీలన్నీ ఖాళీ.

అక్కకు అంతా చెప్పాను. శనివారం చేయి జారిన దగ్గర నుంచి సిగ్నల్ దాకా. ఆమె బియ్యం ఏరుతూ విన్నది. చేయి ఆపలేదు.

"ఆయనకు చెప్పాల్సింది నాకు చెప్తున్నవ్. నేనేం జేసుకోవాలె రా దాన్ని?"

భోజనం వడ్డించింది. తిన్నాను.

మర్నాడు షాపుకు వెళ్లి ఓనర్‌కు కూడా చెప్పాను. అతను, అయిపోయింది కదా, ఇప్పుడెందుకు, ఆ ముచ్చట బయట అనకు అన్నాడు. దసరా దాటాక గాలి దగ్గర కూర్చోబెట్టాడు. అబద్ధం ఆడి తప్పించుకున్న కుర్చీ సరిగ్గా ఒక ఏడాది ఆలస్యంగా వచ్చింది. అందులో ఏడాదిన్నర కూర్చుని మానేశాను.

ఇంటి దగ్గర చేసుకోవాలా, గ్యారేజీకి ఇవ్వాలా అని అడిగేవాళ్లకు నా జవాబు మీకు నచ్చకపోవచ్చు. ఓపిక ఉంటే ఇంటి దగ్గర చేసుకోండి. చదునైన నేల, దారం, స్కేలు, మూడు గంటలు. అవి లేకపోతే గ్యారేజీకి ఇవ్వండి. దారం గొప్పదని, మెషిన్ మోసమని నేను అనను. దారం కూడా తప్పు చెప్పగలదు. మంచి మెషిన్ మంచిదే. కానీ మీ కొలతకూ వాళ్ల కొలతకూ తేడా వస్తే, మీరు తప్పని ఎవరైనా వెంటనే తేల్చేస్తే, పుస్తకంలో గీత గీయకండి. ముందు బావ అడిగిన ప్రశ్న అడగండి. జవాబు చెప్పేవాడి మొహం చూడండి. బావ చూశాడు. బామ్మర్దిని కనుక నమ్మాడు. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు చెప్పేది ఇంకా చిన్నది. పనిముట్టు చేయి జారడం తప్పు కాదు. అందరికీ జారుతుంది.

గోనెసంచి మా ఇంట్లో అటక మీద ఉంది. అక్క కారు అమ్మేసింది. కొన్నవాళ్లు నాగారం వాళ్లు. చక్రాలు సరిగా ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయి అన్నాను. అది నిజమే.

కిందటి నెల నాచారం వైపు పని ఉండి షాపు దగ్గర ఆగాను. కొత్త మెషిన్ వచ్చింది. పైన కెమెరాలు, చక్రాలకు పలచటి పలకలు. జారినా పెద్దగా దెబ్బ తినవట. నా తోటివాడు లేడు, చర్లపల్లిలో ఎక్కడో చేస్తున్నాడని చెప్పారు. మెషిన్ దగ్గర ఉన్నతన్ని దీన్ని ఎట్లా చూసుకుంటారు అని అడిగాను. అతనికి ప్రశ్న అర్థం కాలేదు. మళ్లీ అడిగాను. "అదే సూసుకుంటది అంకుల్" అన్నాడు. సోమవారమే. ఎనిమిదిన్నర దాటింది. షట్టర్ పూర్తిగా ఎత్తి ఉంది. మొదటి బండి అప్పటికే ర్యాంపు మీద ఉంది, ఎవరిదో, రోడ్డు మీంచి వచ్చింది.

కొలత తెలిసిన బండిని ముందు ఎక్కించి మెషిన్‌ను చూసుకోవడం ఇప్పుడు ఆ షాపులో చేయరు.